టీకాకు భాష లేదు, తల్లికి ఉంది

ఈ మధ్య మన తెలుగువాళ్ళ సభ ఒకటి జరిగింది. తెలుగు బళ్ళు మూతపడుతున్నాయనీ, ఉపాధ్యాయుల ఖాళీలు నింపడం లేదనీ, పుస్తకాలు వేళకు అందడం లేదనీ ఎప్పటిలాగే మాట్లాడుకున్నాం. చివర్లో నేను లేచి, "అంగన్‌వాడీల్లో మన తల్లులకు బిడ్డల ఆరోగ్యం సంగతులు తెలుగులో చెప్పాలని కూడా తీర్మానంలో చేర్చుదాం" అన్నాను. వేదిక మీదున్న పెద్దాయన ఒకరు నవ్వి, "ఆరోగ్యానికి భాషేమిటండీ? తెలుగు టీకా వేరు, తమిళ టీకా వేరు అని ఉంటాయా?" అన్నారు. సభంతా నవ్వింది. మొహమాటానికి నేనూ నవ్వాను. తీర్మానంలో ఆ మాట చేరలేదు.

ఆ రోజు నవ్వినందుకు సిగ్గుపడి ఈ జవాబు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటున్నవాణ్ణి. కానీ ఈ విషయంలో నా ఇంటి ఖాతాలోనే ఒక నష్టం రాసి ఉంది. ముందు అది చూపించి తర్వాత వాదిస్తాను.

మాది హోసూరు దగ్గరి పల్లె. 1998లో మాకు కొడుకు పుట్టాడు. అప్పట్లో నా ఉద్యోగం బెంగుళూరులో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, చుట్టాల్లో సగంమందితో తమిళం. మన వైపు ఇది వింతేమీ కాదు. మా నాయన మూడు భాషల్లోనూ సంతలో బేరమాడేవాడు. పిల్లవాడికి రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనడం రాలేదు. "అమ్మ, బువ్వ, తా" అంతే. పేరున్న ఆసుపత్రికే తీసుకెళ్ళాం. డాక్టరుగారు బిడ్డను అయిదు నిమిషాలు చూసి, ఇంట్లో ఎన్ని భాషలు మాట్లాడతారని అడిగారు. చెప్పాం. "అదే జబ్బు" అన్నారు. "ఒక్క భాషే మాట్లాడండి. ఎలాగూ ఇంగ్లీషు బడికే పంపుతారు గదా, ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. చెవి పరీక్ష ఊసే ఎత్తలేదు.

నేనూ నా భార్యా చదువుకున్నవాళ్ళం గనుక, మాకు వచ్చిన ఆఫీసు ఇంగ్లీషుతోనే బిడ్డను ముద్దు చేయడం మొదలుపెట్టాం. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. మనవడి బాగు కోసం ఆమె నోరు కట్టేసుకుంది. పద్నాలుగు నెలలు ఆ అవ్వ తన మనవడితో ఒక్క మాట మాట్లాడలేదు. చేత్తో పిలిచేది, చేత్తో వద్దనేది. బిడ్డ పూర్తిగా నిద్రపోయాక మాత్రం పక్కన కూర్చుని మెల్లిగా జోల పాడుకునేది. నిద్రలో వింటే తప్పులేదనుకుందేమో.

మాట పోయాక ఆమెకు మిగిలింది చూపు. ఆ చూపుతోనే ఆమె అసలు సంగతి కనిపెట్టింది. ఒక రోజు నాతో అంది: "వానికి మాట రాక కాదు నాయనా, వినబడటం లేదు. ఎనకనించి చప్పట్లు కొడితే తిరగడు. ఎదురుగా నిలబడితే నా మూతి చూస్తాడు."

మరో డాక్టరు దగ్గర పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనుక చిక్కటి ద్రవం చేరి ఉందని తేలింది. మాటిమాటికీ జలుబు చేసే పసిబిడ్డల్లో ఇది తరచుగా కనిపించేదే. చీము కారదు, పెద్ద నొప్పీ ఉండకపోవచ్చు. నీళ్ళలో మునిగి వింటున్నట్టుగా ఉంటుంది బిడ్డకు. ద్రవం తీసేసి చిన్న గొట్టాలు అమర్చారు. ఇంటికొచ్చిన రోజు కుక్కరు కూత పెడితే వాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. వాణ్ణి ఎత్తుకుని మా అమ్మ కూడా ఏడ్చింది. వాడి మాట తేటపడటానికి ఏడేళ్ళు వచ్చాయి. రోగం చెవిలో ఉంటే శిక్ష భాషకు వేశాం. ఆ శిక్ష చాటున రోగం పద్నాలుగు నెలలు దాక్కుంది.

ఇప్పుడు వాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. నాలుగు భాషలు మాట్లాడతాడు. ఈ వ్యాసం మాత్రం చదవలేడు.

ఇదంతా పాతికేళ్ళ నాటి ముచ్చట గదా అనకండి. అదే సలహా ఈనాటికీ మన ఇళ్ళకు అందుతూనే ఉంది. బిడ్డ మాట ఆలస్యమైతే బడిలో అదే మాట, పక్కింట్లో అదే మాట. మన ఇళ్ళలో రెండు మూడు భాషలు ఉంటాయి గనుక నింద వేయడానికి అవి ఎప్పుడూ సిద్ధంగా దొరుకుతాయి. రెండు భాషలు వినడం వల్ల బిడ్డకు మాట వెనకబడదని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. రెండు భాషల ఇంట్లో పెరిగే బిడ్డ తెలుగులో ఇరవై మాటలు, కన్నడంలో ఇరవై మాటలు అంటే అది నలభై మాటల ఆస్తి. రెండు ఖాతాలున్నవాడి ఒక్క ఖాతా చూసి వాణ్ణి బీదవాడని తేల్చడం మా బ్యాంకులో ఎవరూ ఒప్పుకోరు. పన్నెండు నెలలకు బిడ్డ అత్తా, తాతా అంటూ ఊసులాడకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా ముందు చెవి చూపించాలి. పుట్టిన నెలలోపల వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపల నిర్ధారణ, ఆరు నెలల్లోపల చికిత్స మొదలవాలని వైద్యులు పెట్టుకున్న లెక్క ఉంది. ఇంట్లో తెలుగు ఆపేయడం ఏ లెక్కలోనూ లేదు.

అసలు బిడ్డకు భాష ఎప్పుడు మొదలవుతుంది? మనం ఒకటో తరగతి అనుకుంటున్నాం. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పుట్టి మూడు రోజులైనా కాని పసిబిడ్డలను పరీక్షించి, వాళ్ళు తల్లి గొంతును గుర్తుపట్టి, మరో స్త్రీ గొంతు కన్నా దానినే కోరుకుంటారని చూపించారు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ఇంకో పరీక్ష మనకు మరీ దగ్గరిది. హిందీలోని త, ట శబ్దాల తేడాను ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరేడు నెలల బిడ్డలు పట్టుకోగలిగారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి వాళ్ళలో దాదాపు పోయింది. ఆ ఇళ్ళలో ఆ శబ్దాలు వినబడవు గనుక చెవి వాటిని వదిలేసింది. అంటే ఏడాది నిండకముందే బిడ్డ చెవి ఇంటి భాషకు లెక్క కట్టేసుకుంటుంది. మనం ఆరో తరగతిలో తెలుగు ఉండాలని కోర్టుకు వెళ్తాం. ఆరో నెలలో తెలుగు వినిపించడం మానేస్తాం.

గర్భంలో 270 రోజులు, తర్వాత రెండేళ్ళకు 730 రోజులు, మొత్తం వెయ్యి. ఈ తొలి వెయ్యి రోజుల్లో తినేదీ, వినేదీ, ఆడేదీ ఒంటికీ బుద్ధికీ మూలధనం. అయిదో నెలకు పుట్టినప్పటి బరువు రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ఏడో నెల నుంచి మెత్తని ముద్ద మొదలుపెట్టాలి, పాలూ కొనసాగాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కానీ బిడ్డకు పెట్టేది పుస్తకం కాదు, తల్లి. ఆమెకు తెలియాలి, నమ్మకం కలగాలి, సందేహం వస్తే అడగగలగాలి. ఈ మూడూ భాషతో జరిగే పనులు.

ఇక పెద్దాయన అడిగిన టీకా సంగతి. టీకాకు భాష లేదు, నిజమే. కానీ ఆ సాయంత్రం బిడ్డకు జ్వరం వస్తే అది మామూలేననీ, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందనీ, మరుసటి మోతాదు మానకూడదనీ తల్లికి ఎవరో చెప్పాలి. పుట్టినప్పుడు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు, ఏడాదిన్నర ప్రాంతంలో, అయిదేళ్ళు దాటాక, పదేళ్ళకు, పదహారేళ్ళకు అని వరుస ఉంది. ఆ తారీఖులన్నీ తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఉంటాయి. అదే కార్డులో బిడ్డ బరువు గీత కూడా ఉంటుంది. పచ్చరంగులో నడిస్తే క్షేమం, పసుపులోకి దిగితే జాగ్రత్త, నారింజలోకి దిగితే ఆపద. పాసుపుస్తకం లాంటిది ఆ కార్డు. బ్యాంకు పాసుపుస్తకంలో నిలవ పడిపోతే కూలివాడు కూడా కౌంటరు దగ్గరికి వచ్చి నిలదీస్తాడు. బిడ్డ బరువు నిలవ పడిపోతున్నా తల్లి మౌనంగా కార్డు మడిచి పెట్టెలో పెడుతోందంటే, ఆమెకు ప్రేమ లేకనా? చదవలేక.

మా పల్లెల్లో సగం ఇళ్ళకు కుప్పం వైపు నుంచీ, వి.కోట వైపు నుంచీ కోడళ్ళు వస్తారు. తెలుగు చక్కగా చదువుతారు. తమిళం మాట అర్థమవుతుంది, అక్షరం రాదు. ఇంటి నిండా చదువుకున్న ఆడపిల్లలే, కార్డు దగ్గర మాత్రం నిరక్షరాస్యులు. మా దూరపు బంధువుల ఇంట్లో అలాంటి కోడలు ఒకామె ఉంది. ఆమె పదమూడేళ్ళ కూతురికి బడిలో వారానికొక నీలిరంగు మాత్ర ఇస్తున్నారు, రక్తహీనతకు. ఇనుము మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, అది హాని కాదు. ఈ ఒక్క ముక్క ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. నలుపు చూసి హడలిపోయి, "నా బిడ్డ కడుపులో ఏమో అయిపోతోంది" అని మాత్రలు మాన్పించింది. ఆ తర్వాత ఆ పిల్ల ప్రార్థన వేళ బడిలో కళ్ళు తిరిగి పడిపోయేదాకా మాకెవరికీ తెలియదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు బిడ్డల్లో నూటికి 67 మందికి. మాత్ర అందుతోంది, మాట అందడం లేదు. అన్నంతోపాటే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది అని చెప్పడానికి ఎంత డబ్బు కావాలి?

నా వృత్తి నుంచే ఒక నియమం చెబుతాను. మా దగ్గర అప్పు తీసుకునే మనిషి చదవలేనివాడైతే, లేదా పత్రంలోని భాష తెలియనివాడైతే, ఊరికే వేలిముద్ర వేయించుకోం. "ఇందులోని విషయాలన్నీ ఇతనికి తెలిసిన భాషలో చదివి వినిపించి వివరించాము, అర్థమయిన తర్వాతే ముద్ర వేశాడు" అని రాయించి సంతకం పెట్టించుకుంటాం. అది లేకపోతే రేపు కోర్టులో ఆ పత్రం నిలబడుతుందో లేదో తెలియదు. పదివేల రూపాయల అప్పుకు ఇంత జాగ్రత్త! బిడ్డ ఎదుగుదల కార్డు తల్లి చేతిలో పెట్టేటప్పుడు, "ఈమెకు తెలిసిన భాషలో వివరించాము" అని ఎవరైనా ఒక్క సంతకం పెడుతున్నారా? పెట్టమని మనం ఎప్పుడైనా అడిగామా?

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన పథకం. వాటిని నేను తక్కువ చేయను. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు తక్కువ జీతానికి ఎక్కువ మోస్తున్నారు. వాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటం కూడా వచ్చు. కానీ రికార్డులు ఒక భాషలో, శిక్షణ ఒక భాషలో. ఇంటి నుంచి తెలుగు తప్ప వినని మూడేళ్ళ బిడ్డ అక్కడికి వచ్చి మూలన కూర్చుంటే, "మందబుద్ధి" అనే ముద్ర ఎంత సులువుగా పడుతుందో నేను చూశాను. "ఎర్రది ఏది?" అని ఇంటి భాషలో అడిగితే చూపించే బిడ్డ, తెలియని భాషలో అడిగితే బిక్కమొహం వేస్తుంది. 2013లో మొదలైన జాతీయ బాల ఆరోగ్య పథకం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి వైద్య బృందాలు చూడాలి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా చూపు, వినికిడి, నడక, మాట అన్నీ పరీక్షించే మంచి ఏర్పాటు అది. నా కొడుకు రోజుల్లో అది లేదు. కానీ మాట పరీక్ష బిడ్డకు రాని భాషలో పెడితే రెండు విధాలుగా నష్టం. బాగున్న బిడ్డ రోగి అనిపించుకుంటుంది. నిజంగా వినబడని బిడ్డను, "ఇంట్లో వేరే భాష గదా, నెమ్మదిగా వస్తుందిలే" అని వదిలేస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఇక కౌమారం. ఇంగ్లీషే మాట్లాడండి అన్న సలహాకు అసలు వడ్డీ ఇక్కడ కట్టాలి. పసితనంలో మనం మాన్పించిన భాష పదమూడో ఏట అవసరం పడుతుంది. ఒళ్ళు మారుతుంది, భయాలు వస్తాయి, బడిలో ఎవరో ఏడిపిస్తారు, పరీక్ష పోతుంది. పిల్లకు మనసు విప్పే భాష ఒకటి, తల్లికి అర్థమయ్యే భాష ఒకటి. ఇద్దరి మధ్య "తిన్నావా, పడుకో, ఫీజు కట్టావా" అనేపాటి తెలుగే మిగిలింది. ఆ ముష్టి తెలుగుతో దుఃఖం చెప్పుకోగలమా? నెలసరి గురించి బడిలో ఇంగ్లీషులోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఒక పాఠం చెబుతారు. ఇంటికొస్తే తల్లి దగ్గర ఉన్నది "అంటు" అనే ఒక్క మాట. శుభ్రత గురించి, నొప్పి గురించి, ఎప్పుడు డాక్టరుకు చూపించాలో దాని గురించి సిగ్గు లేకుండా చెప్పే మాటలు తెలుగులో లేవా? ఉన్నాయి. మనం పలకం. కవులం గదా!

నాకు వచ్చే ఎదురువాదం తెలుసు. "ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవచ్చు గదా?" నేర్చుకోవాలి. నేను తమిళం, కన్నడం రెండూ చదువుతాను, రాస్తాను. ఆ భాషలు నాకు అన్నం పెట్టాయి. మన పిల్లలూ నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు కూడా. కానీ ఇరవై రెండేళ్ళ బాలింతరాలు కొత్త లిపి నేర్చుకునేదాకా చంటిబిడ్డ ఎదగకుండా ఆగుతుందా? ఇది రాష్ట్ర భాషతో పోట్లాట కాదు. ఒడిశాలో తెలుగు తల్లికి కావలసిందే, ఆంధ్రలో ఒడియా తల్లికీ కావాలి. చిత్తూరు సరిహద్దులో తమిళ తల్లికీ కావాలి. యానాం పాఠకులకు ఈ బాధ అంతగా తెలియకపోవచ్చు, అక్కడ తెలుగుకు అధికార స్థానం ఉంది. బళ్ళారి, బరంపురం, షోలాపూరు, హోసూరు వాళ్ళకు నేను వివరించనక్కరలేదు.

రాజ్యాంగంలో 1956 సవరణతో చేరిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెబుతుంది. మనం ఆ అధికరణాన్ని వల్లె వేస్తాం. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టం మెట్టు మెట్టుగా ఎక్కి 2016లో పదో తరగతి పరీక్షదాకా వచ్చినప్పుడు మనం కోర్టుల చుట్టూ తిరిగాం. తిరగవలసిందే. కానీ బడికి వచ్చే ఆరేళ్ళ బిడ్డకు ముందు ఆరేళ్ళు గడిచి ఉంటాయని మన సంఘాలకు గుర్తులేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. మొక్కకు నీళ్ళు పోశామా అని మాత్రం అడగం.

ఇప్పుడు మన లెక్క మనం చూసుకుందాం. మా సంఘం కోశాధికారిని నేనే గనుక దాచడానికేమీ లేదు. ఉగాది కవిసమ్మేళనానికి, శాలువాలకు, జ్ఞాపికలకు ఏటా ఖర్చు రాశాను. పసిబిడ్డల పేరుతో ఇన్నేళ్ళలో ఒక్క రూపాయి పద్దు లేదు. పెట్టమని నేనూ అడగలేదు. ఒక శాలువా ఖరీదుతో వంద కాగితాలు అచ్చవుతాయి. ఒక్కో వయసుకు ఒక్కో కాగితం చాలు. పుట్టగానే, ఆరో నెలకు, ఏడాదికి, రెండేళ్ళకు, అయిదేళ్ళకు, పదేళ్ళకు, పద్నాలుగేళ్ళకు. ఏడు కాగితాలు. ఏ టీకా ఎప్పుడో, బిడ్డ ఏ వయసుకు ఏం చేయాలో, ఏది చూస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో అందులో ఉండాలి. ఒక మంచి పిల్లల డాక్టరు చూసి దిద్దాలి. భాష మాత్రం మన ఇళ్ళ తెలుగు. సభల తెలుగు వద్దు. "అనుబంధ ఆహారం" అని రాస్తే మా అత్త నవ్వుతుంది. "ఏడో నెల నుంచి పలచని రాగి జావ కాదు, చెంచాలో నిలిచే మెత్తని సంగటి, పప్పు, కాస్త నెయ్యి" అని రాస్తే వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్తుంది. నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. తరతరాలుగా మన వైపు తిండి అదే. దాన్ని చిన్నచూపు చూసి డబ్బా పొడి కొంటున్నాం.

ఆ కాగితాలు పట్టుకుని నెలకొక రోజు సంఘం తరఫున చదువుకున్న ఆడవాళ్ళు ఇద్దరు అంగన్‌వాడీకి వెళ్ళి కూర్చోవాలి. కార్డు చదివి చెప్పాలి, అంతే. కలెక్టరుగారికి ఇచ్చే వినతిపత్రంలో తెలుగు పంతుళ్ళ ఖాళీల కింద ఇంకో వాక్యం చేర్చాలి: తెలుగు తల్లులున్న చోట కార్డుకు తెలుగు ప్రతి, పరీక్షకు తెలుగు తెలిసిన మనిషి. ఈ పత్రికలో నెలకు అరపేజీ దీనికి కేటాయించమని సంపాదకులకు మనవి. కవితల్లో ఒకటి తగ్గినా భాషకు నష్టం రాదు.

వచ్చే సభలో నేను మళ్ళీ లేస్తాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఈసారి నా చేతిలో మొదటి కాగితం ఉంటుంది. రాసి, మా ఊరి కుప్పం కోడలికి చదవమని ఇచ్చాను. ఆమె రెండు చోట్ల "ఇది మాకు తెలీదన్నా, వేరేగా రాయి" అంది. దిద్దాను. దాని మొదటి వాక్యం ఇది: "బిడ్డతో మాట్లాడండమ్మా, మీకు వచ్చిన మాటతోనే మాట్లాడండి. బిడ్డ తిరిగి చూడకపోతే మాట ఆపకండి, చెవి చూపించండి."

పాతికేళ్ళ క్రితం ఈ రెండు వాక్యాలు ఎవరైనా మా అమ్మ చేతిలో పెట్టి ఉంటే, ఆమె మనవడు మేలుకుని ఉండగానే జోల పాడి ఉండేది.